ఏడు ఉంగరాలు ఎవరివి?

2018 ఫిబ్రవరిలో మినియాపోలిస్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్లో, టామ్ బ్రేడీ పాస్‌లు 505 గజాలు రాబట్టాయి. ఆ ఫైనల్ చరిత్రలో అప్పటిదాకా ఎవరికీ అందని లెక్క అది. మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ప్రత్యర్థులకు ఒక్క పాస్ కూడా చిక్కనివ్వలేదు. అయినా అతని జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ ఫిలడెల్ఫియా ఈగిల్స్ చేతిలో 41-33తో ఓడిపోయింది. మరుసటి ఏడాది అట్లాంటాలో అదే బ్రేడీ 262 గజాల దగ్గర ఆగాడు. టచ్‌డౌన్ పాస్ ఒక్కటీ లేదు, పైగా ఒక బంతిని ప్రత్యర్థి తన్నుకుపోయాడు. ఆ మ్యాచ్‌ను పేట్రియాట్స్ 13-3తో గెలిచింది. చెలరేగి ఆడిన రాత్రి వట్టి చేతులు, అంతంతమాత్రంగా ఆడిన రాత్రి విజేతలకిచ్చే ఉంగరం, అతనికి ఆరోది!

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే దాడిని నడిపించేవాడు. బంతి అందుకుని, క్షణాల్లో నిర్ణయం తీసుకుని విసిరేవాడు. వీళ్లలో సార్వకాలిక మేటి ఎవరన్న వాదన మొదలైతే ముందు లెక్కకొచ్చేవి సూపర్ బౌల్ ఉంగరాలే. బ్రేడీకి ఏడున్నాయి. జో మోంటానాకు నాలుగే. కాకపోతే అతను ఆడిన నాలుగు ఫైనళ్లూ గెలిచాడు, వాటిలో అతని పాస్ ఒక్కటీ ప్రత్యర్థులకు చిక్కలేదు. బ్రేడీ పది ఆడి మూడు ఓడాడు. మోంటానా అభిమానులు దీన్నే ఎత్తిచూపుతారు. ఇందులో తిరకాసు ఉంది. ఫైనల్‌కు చేరకుండానే ఇంటిముఖం పట్టిన ఏడాదికి మచ్చ లేదు, ఫైనల్ దాకా వచ్చి ఓడితే మాత్రం మచ్చట. ఇదేం న్యాయమో వాళ్లే చెప్పాలి.

అసలు చిక్కు అంకెల్లో లేదు. ఒక్కో జట్టు తరఫున పదకొండు మంది దిగే ఆటలో గెలుపును ఒక్కడి ఖాతాలో వేయవచ్చా? రికార్డు పుస్తకాలు క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన గెలుపోటములు రాస్తాయి, అతనికి కంచెలా నిలబడి దెబ్బలు కాచే లైన్‌మెన్ పేర్ల పక్కన రాయవు. బ్రేడీ మొదటి ఉంగరం 2002లో ఆట ముగుస్తుండగా ఆడం వినతియేరి కొట్టిన 48 గజాల ఫీల్డ్ గోల్‌తో వచ్చింది. 2015 ఫైనల్ చివరి నిమిషంలో సియాటిల్ సీహాక్స్ గోల్ గీతకు గజం దూరంలో ఉంది. అక్కడ మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రాడు పాస్‌ను మధ్యలో అందుకోవడంతో పేట్రియాట్స్ బతికిపోయింది. అప్పుడు బ్రేడీ మైదానం అంచున నిలబడి చూస్తున్నాడు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. కర్త అయిదింటిలో ఒకడు మాత్రమే. ఉంగరాలు లెక్కపెట్టేవాళ్లు మిగతా నాలుగింటినీ ఆ ఒక్కడి పేరున రాసేస్తారు. దైవం సంగతే చూడండి. 2001 సెప్టెంబరులో పేట్రియాట్స్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో గాయపడకపోతే, 2000 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) 199వ స్థానంలో ఎంపికైన బ్రేడీకి అవకాశం ఎప్పుడొచ్చేదో, అసలు వచ్చేదో లేదో.

ఇలాంటి చిక్కుకు స్టోయిక్ తత్వవేత్తలు వేరే దారి చూపారు. రోమన్ రచయిత సిసిరో తన గ్రంథంలో వాళ్ల విలుకాడి దృష్టాంతం చెబుతాడు. గురి చూసి బాణం వదలడానికి చేయగలిగినదంతా చేయడమే విలుకాడి పని, అది లక్ష్యానికి తగలడం అతని చేతిలో లేదు. ఈ కొలత పెడితే క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో పైకి లేస్తాడు. 1984లో అతను 5,084 గజాలు, 48 టచ్‌డౌన్ పాస్‌లు సాధించాడు, అప్పటికి రెండూ రికార్డులే. ఆ సీజన్ ఫైనల్లో మోంటానా జట్టు చేతిలో 38-16తో ఓడాక, 1999 దాకా ఆడినా మళ్లీ సూపర్ బౌల్ చూడలేదు. బంతి అతనిలా విసిరినవాళ్లు అరుదు. చేతిలో ఒక్క ఉంగరమూ లేదు.

అలాగని ఉంగరాలు వదిలి గజాలు పట్టుకుంటే గట్టెక్కుతామా? విసిరేవాడికి పట్టేవాడు కావాలి, నియమాలూ కలిసిరావాలి. 1978లో లీగ్ నియమాలు సడలించి, అయిదు గజాలు దాటాక రిసీవర్‌ను తోయకూడదంది, లైన్‌మెన్‌కు చేతులు చాచే వీలిచ్చింది. అంతకుముందు ఆడిన జానీ యునిటాస్ వరుసగా 47 మ్యాచుల్లో టచ్‌డౌన్ పాస్ వేస్తే ఆ రికార్డు 2012 దాకా నిలిచింది. ఓటో గ్రాహం పదేళ్లు ఆడి పదేళ్లూ తన లీగ్ ఫైనల్‌కు చేరాడు, ఏడు టైటిళ్లు గెలిచాడు. సూపర్ బౌల్ పుట్టకముందే రిటైరయ్యాడు కాబట్టి ఉంగరాల వాదనలో అతని పేరు వినిపించేది తక్కువ.

కర్తను మిగతా కారణాల నుంచి విడదీసే ప్రయోగానికి ఈ ఆటలో దగ్గరగా వచ్చింది 2020 సీజన్. నలభై మూడేళ్ల బ్రేడీ టాంపా బేకు మారి అక్కడా టైటిల్ కొట్టాడు, పేట్రియాట్స్ 7-9తో చతికిలబడింది. అతన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టడానికి ఏడు అనే అంకె కన్నా ఈ ఒక్క ఏడాదే బలమైన సాక్ష్యం. అక్కడా ఒక మెలిక ఉంది. ఫైనల్లో టాంపా డిఫెన్స్ పాట్రిక్ మహోమ్స్ జట్టుకు ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వకుండా తొమ్మిది పాయింట్ల దగ్గర కట్టడి చేసింది.

పోనీ, మైదానంలోకి దిగినవాళ్లనైనా పోల్చవచ్చు. దిగనివ్వని వాళ్ల మాటేమిటి? నల్లజాతి ఆటగాళ్లు క్వార్టర్‌బ్యాక్ పనికి చాలరన్న దురభిప్రాయం ఈ లీగ్‌లో దశాబ్దాలపాటు పాతుకుపోయింది. వారెన్ మూన్‌ను 1978 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. కెనడా వెళ్లి, అక్కడి లీగ్ టైటిల్ గ్రే కప్‌ను వరుసగా అయిదుసార్లు గెలిచిన ఎడ్మంటన్ జట్టులో ఆడి, 1984లో గానీ హ్యూస్టన్ ఆయిలర్స్‌కు రాలేదు. తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినా, కెనడాలో విసిరిన ఇరవై వేల పైచిలుకు గజాలు అతని ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కలో కలవవు. మూన్ డ్రాఫ్ట్‌కు పదేళ్ల ముందు, 1968లో, మార్లిన్ బ్రిస్కో డెన్వర్‌కు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి 14 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. మరుసటి ఏడాది అక్కడ అతనికి ఆ స్థానం దక్కలేదు. బఫెలో వెళ్లి రిసీవర్‌గా మారి, మిగతా కెరీర్ అంతా ఇతరులు విసిరిన బంతులు పట్టాడు.