ప్రయోజకుని ఋణము



లోకములో నొకడు పైకి వచ్చినప్పుడు జనులు పలు విధములుగా మాటలాడుదురు. కొందఱు "వాడు పుట్టిన యిల్లు అట్టిది" యందురు. కొందఱు "వాని కష్టము ఫలించినది" యందురు. మఱికొందఱు "వానికి వేళ కలసివచ్చినది" యందురు. పైకి రాలేనివానిని గూర్చి మాత్రము అందఱును ఒక్కటే మాట చెప్పుదురు: "వాడు అప్రయోజకుడు." ఈ తీర్పు న్యాయమైనదేనా యని నేడు మీతో గలసి విచారింప గోరుచున్నాము. ఇది కేవలము లౌకికవిచారము కాదు. తోడివానిని మన మే తూనికతో తూచుచున్నామో, ఆ తూనికయే మన హృదయములోని ధర్మమెంతయో తెలుపును.

దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. ఈ చిట్యాల హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిమీదనున్న యూరు. ఇచ్చటినుండి రామన్నపేట మీదుగా భువనగిరికి పోయి, అది దాటి ముందునకు సాగినచో ఆలేరు వచ్చును. ఈ సీమలో మగ్గముల పల్లెలు పెక్కులు గలవు. పోచంపల్లి చీరయని దేశమంతటను పేరొందిన వస్త్రము ఇట్టి పల్లెలలోనే పుట్టుచున్నది. ఆ చీరకు చిటికి కట్టి రంగులద్దుటకు ముందు నూలును ఆసు పోయవలయును. ఒక వైపున నొక మేకును, ఎదుట వంపుగా వరుసదీర్చిన మేకులును ఉండగా, స్త్రీ దారమును చేతబట్టి ఇటునుండి అటును, అటునుండి ఇటును త్రిప్పుచుండును. ఒక్క చీరకు సుమారు 9,000 మార్లు చేయి ఆడవలయును. దినమునకు రెండు చీరల ఆసు పోసినచో 18,000 మార్లు. భుజము సడలును, మోచేయి నొచ్చును, కన్నులు అలయును. మరునాడు ఉదయమున పని మరల మొదలగును.

ఆలేరు మండలమునందలి శారాజీపేటలో లక్ష్మియను తల్లి ఇట్లే ఆసు పోయుచుండెను. ఆమె కుమారుడు చింతకింది మల్లేశము. పేదఱికముచేత అతని చదువు ఆఱవ తరగతితో నిలిచిపోయెను. తల్లి బాధ చూడలేక అతడు 1992వ సంవత్సరమున ఆసు పోయు యంత్రమును చేయబూనెను. అప్పులు చేసెను, ఇరుగుపొరుగువారి యెగతాళికి గుఱియయ్యెను. యంత్రములో కొంత కుదిరెను, కొంత కుదురలేదు. బ్రతుకుదెరువునకై హైదరాబాదు చేరి కూలిపని చేయుచుండగా, బాలానగరమునందలి యొక కార్ఖానాలో నొక యంత్రము ఆడు తీరు అతని కంటబడెను. ఏడేండ్లుగా తాను వెదకుచున్న కదలిక అదియేనని అతడు గ్రహించెను. 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేర లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. గంటలకొలది సాగిన పని గంటన్నరలో ముగియజొచ్చెను. 2017లో భారత ప్రభుత్వ మతనికి పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను.

ఈ కథను మనవారు బిడ్డలకు చెప్పునప్పుడు "చూచితివా, పట్టుదల యుండిన ఏదైనను సాధింపవచ్చును" అని ముగింతురు. ఆ మాట సత్యమే; కాని పూర్ణసత్యము కాదు. అభ్యాసమొక్కటియే మనుష్యుని ప్రయోజకుని జేయునదైనచో బిరుదము మొదట ఎవరికి రావలసియుండెను? దినమునకు 18,000 మార్లు చేయి ఆడించిన తల్లికంటె అభ్యాసమును మించి చేసినవారెవరు? ఆమె వంటి స్త్రీలు ఎందఱో ఆ పల్లెలలో నదే పని చేసి, అదే నొప్పి ననుభవించి, పేరు లేకయే గతించిరి. వారి శ్రమ తక్కువది కాదు. ఆ శ్రమకు తలుపు తెఱచినవారు లేరైరి.

పోనిండు, పుట్టిన యిల్లే కారణమందమా? మగ్గముగల యింట పుట్టిన కుమారులు వేలకొలది యున్నారు. అవకాశమే కారణమందమా? బాలానగరపు కార్ఖానాలో ఆ యంత్రమును ప్రతిదినమును చూచినవారు ఎందఱో యుండిరి. వారికది యినుము మాత్రమే. ఆసు నెఱిగినవాడు, తల్లి భుజపు నొప్పి నెఱిగినవాడు, ఏడేండ్లు దానిపై బుద్ధి నిలిపినవాడు చూచినప్పుడే అది అవకాశమయ్యెను. కావున ఈ మూటిలో ఏ యొక్కటియు తనంతట చాలదు. పుట్టిన యిల్లు పడుగువంటిది; మనకు ముందే ఎవరో సాగదీసియుంచిరి. అభ్యాసము పేకవంటిది, దానిని మనమే దినదినమును వేయవలయును. అవకాశము మగ్గమువంటిది, అది లేనియెడల పడుగును పేకయు చిక్కుపడిన నూలుగనే మిగులును. చీర కట్టుకొన్నవాడు ఇది యంతయు నా నేతయే యనుట ఎంత సత్యమో, ప్రయోజకుడు ఇది యంతయు నా ప్రజ్ఞయే యనుటయు నంతే సత్యము.

ఇంకను కఠినమైన దృష్టాంత మొకటి యీ జిల్లాలోనే కలదు. నల్లగొండ నేలలోని నీటియందు ఫ్లోరైడు మిక్కుటము. ఆ నీరు బాల్యమునుండి త్రాగినవారి పండ్లు గారపట్టుట, ఎముకలు వంగుట, కీళ్లు బిగిసి నడుము నిలువకపోవుట మనలో పెక్కుమంది కన్నులార చూచిరి. అట్టి బిడ్డను జూచి "పూర్వజన్మ పాపము" అన్నవారు కలరు. పని చేయలేనప్పుడు "సోమరి" అన్నవారును కలరు. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని వైద్యులు పరీక్షించి, కారణము నీటిలోని ఫ్లోరైడే యని ప్రకటించియుండిరి. పాపము బిడ్డది కాదు, బావిది. బావిదియు కాదు, తెలిసియు వేఱొక నీరు తేక కాలము గడపినవారిది.

ఆ బిడ్డకు అభ్యాసమును గూర్చి బోధించుటవలన ఏమి ప్రయోజనము? అతనికి కావలసినది మంచినీరు. నాగపురమునందలి శాస్త్రజ్ఞులు 1970వ దశకమున పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని కనిపెట్టిరి. దానికి నల్లగొండ పద్ధతియని ఈ జిల్లా పేరే నిలిచినది. పిమ్మట దూరపు నదీజలములను గొట్టములగుండ పల్లెలకు తెచ్చు పనులు సాగినవి. మిషన్ భగీరథయని పేరొందిన పథకమునకు 2015లో, ఇచ్చటికి చేరువనున్న చౌటుప్పలునందే పైలాను నిలుపబడెను. బిడ్డ యెముక నిటారుగ నిలుచుటకు బిడ్డ పట్టుదల కారణము కాదు. ఇతరులు చేసిన యేర్పాటే కారణము. కాళ్లు నిలిచిన పిదప పరుగెత్తుట మాత్రము బిడ్డ పని.

విద్యావిషయమునను ఇట్లే జరిగెను. నిజాము రాజ్యమున తెలుగునకు ఆదరణ లేని దినములలో, తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాసిరి. పాలమూరు సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో బదులు చెప్పి యూరకుండలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, అందు 354 మంది కవులను లోకమునకు చూపిరి. ఆ కవులు ఒక్కనాట పుట్టినవారు కారు; అంతకు ముందునుండియు ఉన్నవారే. వారికి లేనిది ప్రజ్ఞ కాదు, పుట. పుట యిచ్చినవెంటనే ప్రజ్ఞ కనబడెను. మన యెదుట "అప్రయోజకులు"గా తిరుగుచున్న వారిలో ఇంక నెందఱు పుటకై వేచియున్నారో ఎవరు చెప్పగలరు?

ఇక్కడ నొక శంక పుట్టవచ్చును. "అంతయు ఇల్లును అవకాశమునే యైనచో, మే మేల కష్టపడవలయును? రాసిపెట్టినట్లు జరుగును గదా" యని యువకులు అడుగవచ్చును. నాయనలారా, మేము విధివాదమును బోధించుటలేదు. తలుపు తెఱువబడు గడియ మనకు తెలియదు. ఆ గడియకు సిద్ధముగ నుండుట మాత్రము మన చేతిలోనిది. ఏడేండ్లు ఆసు యంత్రముపై తల బద్దలుకొట్టుకొననివాడు బాలానగరమున నూఱుమార్లు తిరిగినను ఏమియు చూడడు. కావున మీ పని మీరు మానకుడు. అయితే ఫలము చేతికందిన దినమున గర్వింపకుడు. అందని దినమున మిమ్ము మీరు హీనులుగా తలంపకుడు. అందనివానిని హీనుడని యెన్నడును పలుకకుడు.

ప్రయోజకుడైనవానికి గర్వమునకు బదులు ఋణమున్నదని మా మనవి. ఆ ఋణమును లెక్కించుట కష్టము కాదు. ఇంటిలో నొక కుమారుడు చదివి యుద్యోగస్థుడైనాడు. అతడు చదువుచుండగా నీరు మోసిన అక్క యెవరు? బడి మాని మగ్గమెక్కిన తమ్ముడెవరు? పుస్తకములకై తాకట్టుపడిన నగ యెవరిది? వారి పేర్లు ఒక కాగితముమీద వ్రాసికొనుడు. వారి బిడ్డలలో నొక్కనికైనను మీకు దొరికిన తలుపు తెఱువుడు. చదువు వచ్చినవారు సాయంకాల మొక గంట చదువురానివారికి కేటాయింపుడు. పనివాడు తన పనిచోట కుతూహలముతో నిలిచి చూచు బాలుని తఱిమివేయక, చూడనిండు. ఆ చూపులో ఏ యంత్రము దాగియున్నదో మన మెఱుగము. క్రొత్త పనికి పూనుకొన్న పేదవానిని ఎగతాళి చేయకుడు. ఆడుబిడ్డ చేతి పనిని పని యని పిలువుడు. అది లెక్కకు రాని శ్రమగా మిగులనీయకుడు.

సర్వేశ్వరుడు ప్రజ్ఞను కులము చూచి, ఊరు చూచి, సంపద చూచి పంచలేదు. ఆయన అంతటను చల్లిన విత్తనమునకు కొన్నిచోట్లనే నీరు పెట్టినవారము మనము. తక్కిన చోట్లకు కాలువ త్రవ్వుట ఆయన మనకు విడిచిన పని.

దయామయుడవగు తండ్రీ, మాకు లభించినదానిలో ఇతరుల చేతులను గుర్తించు కన్నుల నిమ్ము. మా యభ్యాసమున ఓపిక నిమ్ము. మాకంటె వెనుక నిలిచినవారిని జూచినప్పుడు మా నోట నింద రానీయక, మా చేతిని ముందునకు చాపు శక్తి ననుగ్రహింపుము. తథాస్తు.