ఉత్తరం వైపు తల

రాజమండ్రి నుంచి ఒక కుటుంబం జపాన్‌లోని క్యోటో వెళ్లి, గది నిండా చాపలు పరిచిన పాతకాలపు సత్రంలో దిగింది. రాత్రి భోజనంలో మన బజ్జీల్లాంటి చిలగడదుంప టెంపురా వడ్డించారు. మనవరాలు చాప్‌స్టిక్స్‌తో ఓ ముక్క పట్టి తమ్ముడికి చాచింది. వాడూ తన పుల్లలతోనే అందుకోబోయాడు. సత్రం యజమానురాలు చటుక్కున వచ్చి ఇద్దరి మధ్య చిన్న పళ్లెం పెట్టింది.

పిల్లల తండ్రికి కోపం వచ్చింది. "డబ్బిచ్చి దిగాం కదమ్మా, పిల్లలు తినే తిండి దగ్గర కూడా ఈ ఆంక్షలేంటి?"

మామ్మ మాట్లాడలేదు. పడుకునే వేళ యజమానురాలు పరుపులు వేస్తుంటే, మనవరాలి ఫోన్‌లో జపనీస్‌లోకి అనువదింపజేసి, "ఉత్తరం ఎటువైపమ్మా?" అని అడిగింది.

ఆమె ఆశ్చర్యపోయింది. తలగడలు తూర్పుకే పెట్టానంది. ఉత్తరం తల చనిపోయినవాళ్లకేనట, బుద్ధుడు నిర్యాణ సమయంలో అలా పడుకున్నాడు కాబట్టి.

"మా ఇంట్లోనూ ఉత్తరానికి తల పెట్టనివ్వం. మరి ఇందాక ఆ పళ్లెం ఎందుకు?"

ఆమె కాస్త తటపటాయించింది. దహనం అయ్యాక అయినవాళ్లు అస్థికలను పుల్లలతో ఏరతారట, ఒకరి పుల్లల నుంచి మరొకరు అందుకుంటారట. పిల్లలు అన్నం దగ్గర అలా చేస్తుంటే చూడలేకపోయానంది.

మామ్మ కొడుకు మరి మాట్లాడలేదు. తన తండ్రి అస్థికలను ఏరి గోదావరిలో కలిపింది అతనే.

"విన్నావురా? మన పిల్లలకు కీడు తగలకూడదనే అడ్డుపడింది ఆవిడ," అంది మామ్మ.

నీతి: పరాయి చోట ఎవరైనా మన చెయ్యి ఆపితే, అవమానం అనుకునే ముందు ఎందుకు ఆపారో అడగాలి.

అలా అడిగితే ప్రతిసారీ మన ఆచారమే ఎదురవుతుందని కాదు. నూడుల్స్ జుర్రితే మనం పిల్లల్ని కసురుతాం, జపాన్‌లో అది తప్పే కాదు. అయినా అడగాలంటే ఏం అడగాలో తెలియాలి. అది పెద్దవాళ్లకు తెలుస్తుంది. కానీ విదేశీ ప్రయాణం అనగానే "ఆవిడ నడవలేదు, తిండి పడదు" అని పెద్దవాళ్లను ఇంట్లో వదిలేసి వెళ్తున్నాం. చావు పుట్టుకలను దగ్గరుండి చూసిన మనిషి కాబట్టే మామ్మకు ఆ ప్రశ్న తట్టింది. నా మటుకు నేను, వీల్‌చైర్ పెట్టించుకునైనా సరే, అలాంటి మనిషిని వెంట తీసుకెళ్లమంటాను.