కన్నబిడ్డ మీద అర్జీ పెట్టడం పాపమా?

తల్లిదండ్రులు తమ కొడుకు మీద సర్కారు కచేరీలో అర్జీ పెట్టుకోవచ్చా? జుమా నమాజు ముగిశాక ముసలివారు ఈ ప్రశ్నను గొంతు తగ్గించి అడుగుతారు. అది కూడా తమ కోసం కాదు, 'మా వీధిలో ఒకాయన' కోసం అన్నట్టు అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక రెండు భయాలు ఉంటాయి. మొదటిది పరువు భయం. రెండోది, బిడ్డను అధికారి ముందు నిలబెడితే రేపు అల్లాహ్ సన్నిధిలో తామే దోషులమవుతామేమోనన్న భయం. మొదటి భయాన్ని పోగొట్టడం మన జమాఅత్ బాధ్యత. రెండోదానికి షరీఅత్‌లో స్పష్టమైన సమాధానం ఉంది.

ముందు ఆ కచేరీ ఏమిటో తెలుసుకుందాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 డిసెంబరులో వచ్చింది. దాని ప్రకారం ఏర్పడే ట్రిబ్యునల్‌కు ఆర్డీవో స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. ఆళ్ళగడ్డ వైపు వారికి చాలా కాలంగా ఆర్డీవో కచేరీ అంటే నంద్యాలే. సిరివెళ్ళ మీదుగా బస్సులో సుమారు 40 కిలోమీటర్లు. అప్పీలు వినేది కలెక్టరు స్థాయి అధికారి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడక ముందు అందుకోసం కర్నూలు పోవలసి వచ్చేది. అంటే ఆళ్ళగడ్డ ముసలమ్మకు వంద కిలోమీటర్ల పైమాట. తమ సంపాదనతో, ఆస్తితో బతకలేని తల్లిదండ్రులు 60 ఏళ్ళు నిండకపోయినా ఇక్కడ అర్జీ ఇవ్వవచ్చు. కొడుకు బెంగుళూరులో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా తాము ఉంటున్న చోటే ఇవ్వవచ్చు. వకీలును పెట్టుకునే అవసరం లేకుండా ఈ విధానాన్ని రూపొందించారు. విచారణకు ముందు ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే ప్రయత్నం చేయవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో నిర్ణయం వెలువడాలి. నెలకు 10,000 రూపాయల దాకా భరణం విధించవచ్చు. ఆ ఆజ్ఞను లెక్కచేయని వారికి నెల రోజుల వరకు జైలు కూడా ఉంది.

ఇక షరీఅత్ మాట. బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులలో అల్లాహ్ తన ఆరాధన గురించి ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా వ్యవహరించమన్నాడు. విసుగుతో 'ఉఫ్' అనడం సైతం నిషేధించాడు. ఈ ఆయతులను మనం ఎన్నో ప్రసంగాలలో విన్నాం. విని కళ్ళు తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోతాం. అయితే ఫిఖ్హ్ పండితులు అక్కడితో ఆగలేదు. 'ఇహ్సాన్' అంటే సద్వర్తన ఒకటి, 'నఫఖా' అంటే పోషణ ఖర్చు మరొకటి అని వారు విడదీసి చూపారు. నఫఖా దయ కాదు, హక్కు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం తల్లిదండ్రులు పేదవారైతే చాలు, స్థోమత గల సంతానంపై వారి పోషణ వాజిబ్ అవుతుంది. ఒళ్ళు వంచి పని చేసుకోగలిగే శక్తి వారిలో ఇంకా ఉన్నా సరే. వారు ముస్లిములు కాకపోయినా సరే. తల్లిదండ్రులకు జకాత్ ఇస్తే చెల్లదన్న సంగతి మనందరికీ తెలుసు. ఎందుకు చెల్లదు? వారి అవసరం తీర్చడం ముందే మన మెడ మీద ఉన్న బాకీ గనుక. బాకీని దానం పేరుతో తీర్చడం కుదరదు.

ఈ బాకీ కొడుకులదే అనుకోవడం కూడా పొరపాటు. స్థోమత ఉంటే కూతురిపై కూడా కొడుకుతో సమానంగా ఈ బాధ్యత ఉందన్నదే హనఫీ మజ్‌హబ్‌లో సరైన అభిప్రాయం. 2007 చట్టం కూడా కూతుళ్ళను, మనవలను, మనవరాళ్ళను చేర్చింది. కూతురింట అన్నం తింటే నామోషీ అనే ఆలోచన మనకు చుట్టుపక్కల ఆచారాల నుండి అంటుకున్నదే గాని దీన్ నుండి వచ్చింది కాదు. మరోపక్క, అత్తమామల సేవను కోడలి నెత్తిన పెట్టి తాను తప్పుకునే కొడుకులు ఉన్నారు. ఆమె చేస్తే అది ఆమె సౌజన్యం, పుణ్యకార్యం. బాధ్యత మాత్రం కొడుకుదే.

హక్కు అన్నాక దాన్ని ఇప్పించే వ్యవస్థ ఉండాలి. తల్లిదండ్రులకు నఫఖా ఇవ్వని కొడుకును ఖాజీ పిలిపించి ఇప్పించవచ్చని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) 'కితాబుల్ ఖరాజ్'లో ఒక సంఘటన పేర్కొన్నారు. బిచ్చమెత్తుకుంటున్న ఒక వృద్ధ యూదుణ్ణి హజ్రత్ ఉమర్ (రజి) చూశారు. చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి కొంత ఇచ్చారు. తర్వాత బైతుల్ మాల్ అధికారిని పిలిపించి, ఇతనికీ ఇలాంటివారికీ ఖజానా నుండి ఏర్పాటు చేయమన్నారు. వయసులో ఉండగా పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నది ఆయన వాదన. వృద్ధుల బాగోగులు చూడటం పాలకుల విధి అన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2008 నుంచి వృద్ధుల కోసం ప్రత్యేక కమిషనర్ ఉన్నారు. కేరళ శాసనసభ 2025లో వృద్ధుల కమిషన్ చట్టం చేసింది. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలకు పెరిగింది. 'పింఛను వస్తోంది కదా' అని చేతులు దులుపుకునే కొడుకు ఒకసారి మందుల చీటీ తీసి లెక్క చూసుకోవాలి. చాలని మేరకు భారం అతనిదే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. అధికారి భయంతో ఇచ్చే సొమ్ములో ప్రేమ ఎక్కడుంది? అలాంటి ముద్ద తల్లి గొంతు దిగుతుందా? నిజమే, వినయపు రెక్కను వాల్చమని కొడుకును ఏ ఆర్డీవో ఆజ్ఞాపించలేరు. మంచం పక్కన కూర్చుని కాళ్ళు పట్టడం ఏ ఉత్తర్వులోనూ ఉండదు. కాని అప్పు తీర్చడానికి సంకల్పం షరతు కాదు. ఖాజీ బలవంతం మీద అప్పు తీర్చినవాడు కూడా తీర్చినట్టే. అతనికి పుణ్యం దక్కుతుందా లేదా అన్నది అతనికీ అల్లాహ్‌కూ మధ్య లెక్క. తల్లి ఆకలి ఆ లెక్క తేలేదాకా ఆగదు. పైగా, నిత్యం దాసుల హక్కు కాలరాస్తున్న కొడుకును ఆ పాపంలో అలాగే వదిలేయడం కూడా అతనికి మేలు చేయడం కాదు. దౌర్జన్యం చేసే సోదరుణ్ణి దౌర్జన్యం నుండి ఆపడమే అతనికి సహాయమని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. కనుక ఆ అర్జీలో పాపం లేదు.

అయితే చాలా ఇళ్ళల్లో గొడవకు మూలం అన్నం కాదు, ఇల్లు. తండ్రి బతికుండగానే ఇంటిని ఒక కొడుక్కి హిబా చేస్తాడు. మన దగ్గర హిబా నోటిమాటతో, స్వాధీనం అప్పగించడంతో పూర్తవుతుంది. ఆ తర్వాత వరండాలో మంచం, ఆ తర్వాత అది కూడా ఉండదు. చట్టంలోని 23వ సెక్షన్ దీనికోసమే ఉంది. పోషిస్తాననే షరతు మీద ఆస్తి తీసుకుని పోషించకపోతే, ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో గిఫ్టు డీడును రద్దు చేసి, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా అర్థం చేసుకోవాలంది. కాని 2022 డిసెంబరులో అదే కోర్టు మరో కేసులో, షరతు ఉన్నట్టు రుజువు కావాలని చెప్పింది. నోటిమాట హిబాలో షరతుకు రుజువేది? ఫిఖ్హ్ పరంగానూ కష్టమే. దగ్గరి రక్తబంధువుకు స్వాధీనం చేసిన హిబాను హనఫీ మజ్‌హబ్ ప్రకారం వెనక్కి తీసుకోవడానికి లేదు. షాఫిఈ మజ్‌హబ్‌లో తండ్రికి ఆ వెసులుబాటు ఉంది.

కాబట్టి పెద్దలకు నా మనవి ఒక్కటే, తొందరపడకండి. షరీఅత్‌లో కొడుక్కి పుట్టుకతో ఆస్తి హక్కు రాదు. మీ ఊపిరి ఉన్నంతకాలం మీ ఇల్లు మీదే. వారసత్వం మొదలయ్యేది మీ తర్వాతే. పిల్లలు అడిగారని పంచి ఇవ్వడం విధి కాదు. ఇవ్వాలనుకుంటే అందరికీ సమానంగా ఇవ్వండి. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి)కి ఆయన తండ్రి కానుక ఇచ్చి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)ను సాక్షిగా ఉండమని కోరినప్పుడు, మిగతా బిడ్డలకు కూడా ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదని తెలిసి, సాక్ష్యానికి నిరాకరించారు. ఒక కొడుక్కి అంతా రాసిచ్చి, ఆ తర్వాత మిగతావారి మీద అర్జీ పెట్టే తండ్రి ఈ హదీసును గుర్తు చేసుకోవాలి.

మసీదు కమిటీలు నికాహ్ రిజిస్టరు చూసుకున్నంత శ్రద్ధగా ఈ పనీ చూసుకోవాలి. ముందు ఇద్దరు పెద్దమనుషులు కొడుకుతో మాట్లాడాలి. అతను వినకపోతే, 'పరువు పోతుంది, ఓర్చుకో అమ్మీ' అని ఆ తల్లిని ఇంటికి పంపకుండా, బస్సు చార్జీ ఇచ్చి ఒకరిని తోడు పంపాలి. తోడు లేనివారు 14567 నంబరుకు ఫోను చేయవచ్చు, అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత సహాయవాణి. తల్లిదండ్రులు కోరితే ట్రిబ్యునల్ ముందు వారి తరఫున మాట్లాడేందుకు పోషణ అధికారి ఉంటారని 18వ సెక్షన్ చెబుతోంది. అర్జీ ఇచ్చేటప్పుడే ఆ మాట అడగాలి.