చనిపోయినవారిని తలచుకొని నవ్వవచ్చునా?



మా సంఘములో జరిగిన ఒక జ్ఞాపకార్థ కూడికలో మేము ఒక పొరపాటు చేశాము. ఇతర సంఘముల పెద్దలు అదే పొరపాటు చేయకుండవలెనని, ఆ కుటుంబపు సహోదరి అనుమతితో ఈ సంగతి వ్రాస్తున్నాము.

కోలారు బంగారు గనుల ప్రాంతములోని మా సంఘములో ఒక సహోదరుడు నలువది ఎనిమిది సంవత్సరముల కాపురము తరువాత ప్రభువునందు నిద్రించారు. వారి జీవిత సంగ్రహము వ్రాయు పని మాకు అప్పగించారు. ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకొన్న పద్ధతి చొప్పున అన్నియు వరుసగా వ్రాశాము. పుట్టిన సంవత్సరము, బాప్తిస్మము, గనిలో ఉద్యోగము, వివాహము, పిల్లలు, సంఘ కోశాధికారిగా చేసిన సేవ. చివర “భక్తిపరులు, మృదుభాషి, క్రమశిక్షణ గలవారు” అని ముగించాము. ఒక్క తేదీ కూడ తప్పు పోలేదు. కూడిక ముగిసిన తరువాత వారి భార్య ఆ అచ్చు కాగితము చేత పట్టుకొని మా దగ్గరకు వచ్చి, “మాస్టారూ, చాలా బాగా రాశారు. కానీ ఈ కాగితంలో ఉన్నాయన ఎవరండీ? నేను కాపురం చేసింది ఈయనతో కాదు” అన్నది.

ఆ మాట మాకు గుచ్చుకొన్నది. ఎందుకనగా కూడికకు ముందు రోజు ఆమె తాను రెండు మాటలు చెప్తానని అడిగినది. ఏమి చెప్తారమ్మా అంటే ఒక తమాషా సంగతి చెప్పినది. పెద్దలమైన మేము ఒకరి ముఖము ఒకరు చూచుకొని, “వదినగారూ, ఇప్పుడు బాగుండదు. నలుగురూ వస్తారు” అని ఆపివేశాము.

ఆ సంగతి ఇది. ఆమె ఒంగోలు వైపు పల్లెటూరి పిల్ల. పెండ్లి అయి గనుల ఊరికి వచ్చిన వారములోనే పొరుగింటి తమిళ అవ్వ గుమ్మము దగ్గర నిలిచి, “తణ్ణి కుడుమ్మా” అన్నదట. నీళ్ళిమ్మని అడిగినది, అంతే. అరవము ఒక్క ముక్క రాని కొత్త కోడలికి అది “తన్ని కొడతానమ్మా” అన్నట్లు వినబడినది. తలుపు వేసి గడియ పెట్టుకొన్నది. సాయంత్రము భర్త రాగానే ఏడుస్తూ చెప్పినది. ఆయన ముఖములో నవ్వు కనబడనీయక, “ఇక్కడివాళ్ళు చాలా మర్యాదస్థులు. ముందు చెప్పి గాని తన్నరు” అన్నారట. మరునాడు ప్రొద్దున చెంబెడు నీళ్ళు ఆమె చేతికిచ్చి, తానే అవ్వ ఇంటికి తీసికొనిపోయి, జరిగినదంతా అవ్వకు తమిళములో చెప్పారు. ఆ అవ్వ నవ్వి నవ్వి కూలబడి, ఆ దినము మొదలు బ్రదికినంత కాలము ఆ అమ్మాయికి తల్లిగా ఉన్నది.

ఊరు కాని ఊరిలో, భాష కాని భాష నడుమ కాపురము పెట్టిన మన వారిలో ఇటువంటి కథ లేని ఇల్లు ఉండదు. భయపడిన పిల్లను నవ్వించి, పరాయి ఊరిని ఆమెకు సొంత ఊరు చేసిన మనిషి ఆయన. మేము వ్రాసిన “మృదుభాషి” అను మాటలో ఇదేమియు లేదు.

ఇంకొక సంగతి కూడ ఉన్నది. పనినుండి వచ్చినప్పుడెల్ల ఆయన తన ఇంటి తలుపు తానే తట్టి, గొంతు మార్చి, “అమ్మా, అన్నం పెట్టే ఇల్లు ఇదేనా?” అని అడిగేవారు. “కాదు, పక్కిల్లు” అని ఆమె లోపలినుండి అనేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. మా ఊరివారు అనేకులవలెనే ఆయన కూడ తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పోయి, దొరికిన పని చేసి, రాత్రికి తిరిగి వచ్చేవారు. ఎంత అలసి వచ్చినా ఆ ప్రశ్న మానలేదు. ఒకనాడు బియ్యము నిండుకొన్నవి. “ఈ రాత్రి మనకు ఉపవాస ప్రార్థన. పాస్టరుగారికి చెప్పకండి, ఆయన కూడా వచ్చి కూర్చుంటారు” అని పిల్లలను నవ్వించి పడుకోబెట్టారు. తరువాత పెరటిలో ఒంటరిగా కూర్చుండి ఏడ్చారు. ఆమె చూచినది. చూచినట్లు ఆయనకు ఎన్నడును తెలియనీయలేదు.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాము. మరణించిన భర్తను తలచుకొని భార్య నలుగురిలో నవ్వుట తగునా? తగదనువారు చెప్పు కారణములు మాకు తెలియును. ఆ దినమున మేము కూడ అవే చెప్పాము.

దుఃఖము లేనందుననే నవ్వుచున్నదని లోకులు అనుకొందురు అనునది మొదటి కారణము. ప్రభువు లాజరును లేపబోవుచున్నానని ఎరిగియుండియు కన్నీళ్లు విడిచెను. ఆ కన్నీళ్లు అవిశ్వాసము కాదని మనమే బోధిస్తాము. కన్నీరు అవిశ్వాసమునకు గుర్తు కానప్పుడు, నవ్వు ప్రేమ లేకపోవుటకు గుర్తు ఎట్లగును? నిజము చెప్పవలెనంటే, భర్త పోయిన స్త్రీ నవ్వును అనుమానముగా చూచుట మనకు వాక్యమునుండి రాలేదు, చుట్టునున్న సమాజమునుండి వచ్చినది. గాజులు పగులగొట్టుట వంటి ఆచారములను విడిచితిమని చెప్పుకొను మనము ఈ ఒక్కదానిని విడువలేదు.

ఎఫెసీయులకు 5:4లో సరసోక్తులు తగవని ఉన్నది గదా అనునది రెండవ కారణము. ఉన్నది. అయితే అపొస్తలుడు దానిని బూతులతోను పోకిరి మాటలతోను కలిపి చెప్పి, వాటికి బదులుగా కృతజ్ఞతను కోరుచున్నాడు. కనుక ఒక హాస్యము మంచిదో కాదో తెలిసికొనుటకు అడుగవలసినది ఇది: అది ఒకరిని చిన్నబుచ్చి ముగిసినదా, కృతజ్ఞతలోనికి నడిపినదా? ఆ అవ్వ గుమ్మములో నవ్వినవారు ముగ్గురు. ఎవరిని గూర్చి నవ్వారో వారు కూడ ఆ ముగ్గురిలో ఉన్నారు. ఎగతాళికి, ఆనందమునకు ఉన్న భేదము అదే. ఆదికాండము 26:8లో అబీమెలెకు రాజు కిటికీలోనుండి చూచినప్పుడు, ఇస్సాకు రిబ్కాతో సరసమాడుచు కనబడెను. వారు భార్యాభర్తలని రాజు దానిని బట్టియే గ్రహించెను.

మూడవది, ప్రతిదానికి సమయము కలదు, ఇది ఏడ్చు సమయము అనునది. ప్రసంగి 3:4 ఏడ్చుటకును నవ్వుటకును సమయమున్నదని చెప్పుచున్నది. ఆ సమయము చూపు గడియారము పెద్దల చేతిలో ఉన్నదని మేము అనుకొన్నాము. అది దుఃఖించువారి చేతిలో ఉన్నది.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏమి చేశారో చూడండి. ఏడ్చుచు, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను పేతురుకు చూపించారు. “ఆమె ధర్మాత్మురాలు” అని చెప్పి ఊరుకొనలేదు. చేతితో పట్టి చూపగల దానిని చూపారు. మా సహోదరుడు అంగీలు కుట్టలేదు. ఆయన తన ఇంటివారికి చేసియిచ్చినది ఆ నవ్వు. దానిని చూపించబోయిన చేతిని మేము ఆపాము.

మన బాప్తిస్టు చరిత్రలోనే ఒక మాదిరి ఉన్నది. స్పర్జన్ గారు లండనులో ఎంత గొప్ప బోధకులో అంత హాస్యప్రియులు. ప్రసంగములో నవ్విస్తారని ఆయనను విమర్శించినవారు ఉన్నారు. ఆయన వాతరోగముతో, మనోవ్యాకులముతో ఎంతగానో బాధపడినవారు. 1856 జనవరి 8న ఆయన సుసన్నా గారిని వివాహమాడారు. 1892 జనవరి 31న ఫ్రాన్సు దేశములోని మెంటోనులో నిద్రించారు. ఆమె అప్పటికే అనేక సంవత్సరములుగా వ్యాధిగ్రస్తురాలు. అయినను ఆయన కార్యదర్శితో కలిసి, 1897 నుండి 1900 వరకు నాలుగు సంపుటములుగా ఆయన ఆత్మకథను కూర్చి ప్రచురించారు. అందులో ఆయన హాస్యమునకు ఒక అధ్యాయము కేటాయించబడినది. ప్రపంచమంతయు మహాబోధకునిగా ఎరిగినవానిని, నవ్వే మనిషిగా కూడ జ్ఞాపకముంచుకొనవలెనని ఆ గ్రంథము కూర్చినవారు తలంచారు.

అయితే ఒక హెచ్చరిక. అన్ని కాపురములు ఇటువంటివి కావు. మౌనముగా ఉండగోరు సహోదరిని మాట్లాడుమని బలవంతపెట్టరాదు. కష్టపడి కాపురము నెట్టుకొచ్చిన స్త్రీ నోట లేని సంతోషమును పలికించరాదు. ఉన్న నవ్వును అణచుట ఎట్లు అబద్ధమో, లేని నవ్వును కల్పించుట కూడ అట్లే అబద్ధము. చనిపోయినవారికి మనము చెల్లించవలసిన ఋణము పొగడ్త కాదు, సత్యము.

మొదటి సంవత్సరపు జ్ఞాపకార్థ కూడికలో మేము ఏ కాగితమును చదువలేదు. ఆ సహోదరినే మాట్లాడుమన్నాము. ఆమె తమిళ అవ్వ సంగతి చెప్పినది, తలుపు సంగతి చెప్పినది. చివర ఇట్లన్నది: “ఇప్పటికీ రాత్రి రైలు వచ్చే వేళకు తలుపు వైపు చూస్తాను. ఆ ప్రశ్న ఆయన ఇప్పుడు ఇంకో తలుపు దగ్గర అడిగే ఉంటారు. అక్కడ పక్కిల్లు అనేవాళ్ళు ఉండరు.”

సంఘమంతా నవ్వినది. నవ్వుతూనే కన్నీళ్లు తుడుచుకొన్నది. పునరుత్థాన నిరీక్షణను గూర్చి మేము చేసిన ప్రసంగములు చాలా ఉన్నవి. ఇంత సూటిగా ఏదియు తగలలేదు.

కాబట్టి పెద్దలకు మా మనవి. మీ సంఘములో ఇటువంటి కూడిక జరిగినప్పుడు, జీవిత సంగ్రహము వ్రాయకమునుపు ఆ ఇంటికి పోయి కూర్చుండుడి. తేదీలు తరువాత అడుగవచ్చును. ముందు, “ఆయన మిమ్మును ఎట్లా నవ్వించేవారమ్మా?” అని అడుగుడి. ఆమె చెప్పదలచితే, చెప్పునంత సేపు వినుడి.

దుఃఖించువారిని ప్రభువు ఆదరించును గాక. ఆమేన్.