ఒక్క నోరు, పది చెవులు



ఆలూర్, ఆర్మూర్ దిక్కు పసుపు తవ్వకాలు మొదలైతే పదిమంది ఒక గుంపుగా పనికి పోతరు. అందులో ఒక్కరు ఈమె మాట ఆమెకు, ఆమె మాట ఈమెకు మోస్తే చాలు, గుంపు రెండు ముక్కలైతది. కూలి పెంచమని అడగాల్సిన రోజున గొంతులు కలవవు. నష్టం అందరిదీ.

తప్పు ఆ ఒక్కరిదేనా? కోశాంబి సంగతి చూడండి. ఒక భిక్షువు మరుగు దగ్గర పాత్రలో నీళ్లు మిగిల్చి వచ్చాడు. వినయం తెలిసిన మరో భిక్షువు, తెలియక చేస్తే దోషం కాదని అతనికి ముఖం మీద చెప్పాడు. తన శిష్యుల దగ్గర మాత్రం, తప్పు చేసి తప్పని కూడా ఎరగడని అన్నాడు. ఆ కాసిన్ని నీళ్లకు సంఘం రెండుగా చీలింది. చెప్పి చెప్పి, వినకపోతే బుద్ధుడే పారిలేయక అడవికి వెళ్లిపోయాడు. మాట అన్నది ఒక్కడు. దాన్ని మోసింది విన్నవాళ్లు.

మరి ఎంత చెప్పినా మారని మనిషిని ఏం చెయ్యాలె? ఛన్నుడు సిద్ధార్థుని సారథి. ఆ గర్వంతో భిక్షువులను కసురుకునేవాడు, ఎవరి మాటా వినేవాడు కాదు. మహాపరినిర్వాణానికి ముందు బుద్ధుడు అతనికి బ్రహ్మదండం విధించమన్నాడు. అతను ఏమైనా అననీ, ఎవరూ మాట్లాడొద్దు, సలహా ఇవ్వొద్దు, మందలించొద్దు. ఆనందుడు ఆ మాట చేరవేస్తే ఛన్నుడు కుప్పకూలాడు. తర్వాత ఏకాంతంగా సాధన చేసి అర్హతుడయ్యాడు. దండం అంతటితో తొలగింది.

ఇది ఊరి బహిష్కరణ లాంటిదే కదా అని మీరు అడగాలి. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల బహిష్కరణలు మనకు కొత్త కాదు. అక్కడ హక్కు అడిగినవాడికి బలవంతులు నీళ్లు, కిరాణం, పని బంద్ చేస్తరు. అందుకే 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరంగా చేరింది. బ్రహ్మదండంలో మానింది మాట ఒక్కటే. మారితే తలుపు తెరిచే ఉంది.

కాబట్టి చాడీ మీ చెవిదాకా వస్తే, ‘ఆమె ముందర చెప్పక్కా’ అనండి. చెడ్డమాట అన్నవాళ్లకు కూలిగానీ అన్నంగానీ ఆపకండి. ఆ మనిషి మేస్త్రి అయితే మాత్రం మౌనం పనికిరాదు. కలిసి నిలబడి అడగాలె.