ఎదురుగాలి లెక్క

మనిషి తన జీవితంలో ఎప్పుడు అందరికంటే వేగంగా ఉన్నాడో, అప్పుడే అతను అసలైన మనిషా? ఆ వేగం తగ్గాక మిగిలేది తక్కువ మనిషా? ఈ ప్రశ్న మేము పుస్తకాల్లోంచి తెచ్చింది కాదు. నెల్లూరు తీరంలో మా యానాది కాలనీల్లో, వేపచెట్ల కింద రోజూ వినపడే మాటల్లోంచి వచ్చింది.

అరవై దాటిన మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట తిరిగి తిరిగి సైకిల్ దగ్గరికే వస్తుంది. "మైపాడు కాడ గంప కట్టుకుంటే తెల్లారేసరికి నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఉండేవాణ్ణి అబ్బయా" అంటాడొకాయన. "నువ్వు తెల్లారేసరికి పోతే నేను చీకటుండంగానే పోయినోణ్ణి" అంటాడు ఇంకొకాయన. కోడూరు, కృష్ణపట్నం, ఇసకపల్లి పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎవరు ఎవర్ని ఎక్కడ దాటిపోయారో, ఏ మలుపులో ఎవరి చైను తెగిందో చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వులు అయిపోయాక ఎవరో ఒకరు ఒక మాట వదులుతారు: "అదీ బతుకంటే. ఇప్పుడేముంది, మంచానికి బరువు." ఆ చివరి మాట గురించే ఈ వ్యాసం.

ముందు ఆ వేగం ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం. పట్టపోళ్ళ పడవలు తెచ్చిన చేప గానీ, మనవాళ్ళు వాగుల్లో, బకింగ్‌హామ్ కాలువలో పట్టిన రొయ్య, పీత గానీ ఎండ ముదరకముందే ఊళ్ళో అమ్ముడుపోవాలి. ఐసు అందరికీ అందని రోజులవి. సైకిల్ వెనక క్యారియర్ మీద గంప, గంప మీద తడి గోనె, దాన్ని బిగించడానికి పాత రబ్బరు ట్యూబు. మైపాడు నుంచి నెల్లూరుకు ఇరవై కిలోమీటర్ల పైమాట. తొక్కేవాడి దగ్గర గడియారం లేదు. చేప మొప్పే అతని గడియారం. మొప్పలో ఎరుపు తగ్గేకొద్దీ ధర తగ్గుతుంది. కాబట్టి ఆ కాళ్ళు సరదాకు పరిగెత్తలేదు. అలసట కంటే నష్టం పెద్దదని తెలిసి పరిగెత్తాయి.

1980లో టీవీఎస్ 50 వచ్చింది. తర్వాత ఆటోలు, ఐసు పెట్టెల వ్యాన్లు వచ్చాయి. గంప సైకిళ్ళు ఒక్కొక్కటే గోడకు ఆనుకున్నాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చాలామంది విషయంలో కాళ్ళలో బలం తగ్గకముందే ఆ బలానికి సంతలో ధర తగ్గింది. "ముసలివాణ్ణయ్యాను, పనికిరాకుండా పోయాను" అని వాళ్ళు అనుకుంటారు. నిజానికి ముందు పోయింది పని. ముసలితనం తర్వాత వచ్చింది. ఈ రెండింటినీ కలిపి ఒకటే అనుకోవడం వల్ల మనిషి తన ఒంటిని తానే నిందించుకుంటున్నాడు.

చదువుకున్న మన తమ్ముళ్ళు కొందరు ఈ కబుర్లు విని చిరాకు పడతారు. "అది వేగం కాదు, వెట్టి. అడ్వాన్సు ఇచ్చినవాడు తొందరపెడితే తొక్కారు. దానికి గర్వం దేనికి?" అంటారు. ఈ మాటలో నిజం ఉంది. అప్పు కింద పని చేసిన చరిత్ర మనకు ఉంది. దాన్ని సైకిల్ పందెం కథలాగా చెప్పుకుంటే, ఆ తొందర వల్ల లాభం ఎవరికి పోయిందనే ప్రశ్న మరుగున పడిపోతుంది.

అయినా ఈ వాదనతో మేము పూర్తిగా ఏకీభవించలేము. కొన్నవాడు దేన్ని కొన్నాడు? చేప వేళకు చేరడాన్ని కొన్నాడు. చీకట్లో గతుకు ఎక్కడుందో టైరుకు తగలకముందే తెలియడం, ఇసుక దారిలో బరువుతో సైకిల్‌ను పడనీకుండా నిలబెట్టడం, స్నేహితుణ్ణి వంతెన దగ్గర దాటి వెనక్కి చూసి నవ్వడం - వీటికి ఎవరూ డబ్బివ్వలేదు. అవి అమ్ముడుపోలేదు కాబట్టి తొక్కినవాడి దగ్గరే ఉన్నాయి. "నీ గర్వం కూడా వెట్టిలో భాగమే" అని ఇప్పుడు మనం అంటే, అప్పుడు ఎవరూ తీసుకోలేకపోయినదాన్ని మనమే తీసుకున్నట్టవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయ్యేదాకా మనవాళ్ళలో ఎందరో ఎక్కడికి పోవాలన్నా చెప్పి పోవలసిన బతుకు బతికారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో యానాదుల కోసం సెటిల్‌మెంటు నడిచింది. పిలిచినప్పుడు హాజరు పలికిన తరం పిల్లలే తర్వాత సైకిల్ ఎక్కారు. ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా, చీకట్లో ఒక్కడే ఇరవై కిలోమీటర్లు పోయి రావడం ఆ తరానికి చిన్న విషయం కాదు. ఒకే సైకిల్ మీద అక్కర, స్వేచ్ఛ రెండూ కూర్చుని పోయాయి. ఒకదాన్ని మాత్రమే చూపించి రెండోదాన్ని దించేస్తే కథ అబద్ధమవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక మనిషి వేగం పూర్తిగా ఆ మనిషిదేనా?

సైకిల్ లోకంలో "గంట రికార్డు" అని ఒకటుంది. ఒక గంటలో ఒక్క మనిషి ఎంత దూరం తొక్కగలడు అన్నదే పరీక్ష. బెల్జియం వీరుడు ఎడీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరంలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఇంగ్లండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ 1996లో ప్రత్యేకంగా తయారుచేసిన సైకిల్ మీద, చేతులు బారుగా ముందుకు చాచి, 56.375 కిలోమీటర్లు తొక్కాడు. తర్వాత నియమాలు మార్చారు. మెర్క్స్ తొక్కినలాంటి మామూలు సైకిల్ మీదే తొక్కాలన్నారు. 2000లో అదే బోర్డ్‌మన్ ఆ పద్ధతిలో తొక్కితే వచ్చింది 49.441 కిలోమీటర్లు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మెర్క్స్ కంటే పది మీటర్లు మాత్రమే ఎక్కువ. నాలుగేళ్ళ వయసు పెరిగిన మాట నిజమే. కానీ ఆ దాదాపు ఏడు కిలోమీటర్ల తేడాలో ఎక్కువ భాగం సైకిల్ తయారీది, కూర్చున్న భంగిమది. రికార్డు పుస్తకంలో మాత్రం మనిషి పేరే ఉంటుంది.

వేగం పెరిగేకొద్దీ సైకిల్ మనిషి పోట్లాడేది ముఖ్యంగా గాలితోనే. గాలిని చీల్చుకుని రెండింతల వేగంతో పోవాలంటే ఆ గాలి కోసమే ఎనిమిదింతల శక్తి పెట్టాలి. అందుకే పందేల్లో ఒకరి వెనక ఒకరు నక్కి తొక్కుతారు. ముందున్నవాడు గాలి కాస్తే వెనకున్నవాడికి శ్రమ తగ్గుతుంది. గెలిచినవాడి వేగంలో ముందు తొక్కినవాడి చెమట కూడా ఉంటుంది.

ఇప్పుడు మన తీరం గాలిని లెక్కవేయండి. సాటి ఉపాధ్యాయులు బడిలో చెప్పే పాఠమే ఇది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి పొద్దెక్కాక గాలి సముద్రం నుంచి నేల వైపు తిరుగుతుంది. ఋతువును బట్టి ఇది మారినా, చాలా రోజుల్లో నడిచే పద్ధతి ఇదే. మన గంప సైకిల్ తాత తెల్లవారుజామున సముద్రం నుంచి పడమరగా నెల్లూరుకు పోయాడు. అంటే బరువుతో ఎదురుగాలి. మధ్యాహ్నం తూర్పుగా ఇంటికి తిరిగొచ్చాడు. అంటే ఖాళీ గంపతో, ఖాళీ కడుపుతో మళ్ళీ ఎదురుగాలి. అదే దారిలో టౌను నుంచి పొద్దున్నే సముద్రం చూడటానికి సరదాగా సైకిల్ మీద వచ్చి, సాయంత్రం తిరిగిపోయేవాడికి రెండుసార్లూ వెనకగాలి. దారి ఒకటే, దూరం ఒకటే. గడియారం ఇద్దరికీ నిమిషాలు మాత్రమే చెబుతుంది. గాలి ఎటు వీచిందో చెప్పదు.

ఇంకా చిత్రమేమంటే, ఎదురుగాలి మొహానికి కొడుతుంది కాబట్టి తొక్కేవాడికి తెలుస్తుంది. వెనకగాలి వీపుకు ఆనుకుని నిశ్శబ్దంగా తోస్తుంది కాబట్టి దాన్ని తన కాళ్ళ బలమే అనుకుంటాడు. పుట్టిన ఇల్లు, భూమి, ఇంట్లో చదువు, తెలిసిన ఆఫీసరు - ఇవన్నీ వెనకగాలులే. వాటితో పోయినవాడు "నేను కష్టపడ్డాను" అంటాడు. అతను కష్టపడిన మాట అబద్ధం కాదు. కానీ అతని లెక్క సగమే. అందుకే వేగాన్ని పోల్చి మనిషి విలువ కట్టడం తప్పని మేము అంటున్నాము. వేగం పనికిమాలినదని కాదు. గాలిని లెక్కలోకి తీసుకోని తూకం దొంగ తూకం.

ఆ తూకం వయసు విషయంలోనూ పనిచేయదు. ఫ్రాన్స్‌లో రాబర్ట్ మర్షాన్ అనే ఆయన నూరేళ్ళ వయసులో, 2012లో, గంటకు 24 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. 102 ఏళ్ళకు 26.927 కిలోమీటర్లు తొక్కాడు. 105 ఏళ్ళకు 22.547 కిలోమీటర్లు. మెర్క్స్ పక్కన పెడితే ఈ అంకెలు సగానికి కాస్త అటూ ఇటూ మాత్రమే. అయినా లోకం చప్పట్లు కొట్టింది. ఆయన ఇరవై ఏళ్ళ తన కాళ్ళతో పందెం వేసుకోలేదు. ఆ వయసు ఆ రోజు ఏమివ్వగలదో అదే ఇచ్చాడు. అందరూ నూరేళ్ళకు సైకిల్ తొక్కాలని మేము చెప్పడం లేదు. ఎండలో, ఉప్పులో అరిగిన మోకాళ్ళకు ఆ మాట చెప్పడం క్రూరం. ఏ వయసు పనిని ఆ వయసు కొలతతోనే కొలవాలని మాత్రమే అంటున్నాము.

ఇక మన యువతకు ఒక మాట. పరుగులోనో కబడ్డీలోనో సైకిల్ పందెంలోనో పదిహేడేళ్ళకే మెరిసి, ఇరవై రెండేళ్ళకు ఎవరికీ గుర్తులేకుండా పోయే పిల్లలు మన ఊళ్ళలో ఉన్నారు. తమ వేగమే తాము అనుకుని, అది తగ్గగానే కుంగిపోతారు. నికోబార్ ఆదివాసీ బిడ్డ డెబోరా హెరాల్డ్‌ను తలచుకోండి. మన తీరాన్నీ తాకిన 2004 డిసెంబరు 26 నాటి సునామీలో, తొమ్మిదేళ్ళ వయసులో, ఆమె చెట్టును పట్టుకుని ఐదు రోజులు ప్రాణం నిలుపుకుంది. తర్వాత ట్రాక్ సైక్లింగ్‌లో దేశానికి పేరు తెచ్చింది. ఆ శరీరం చేసిన గొప్ప పని ఏది? ట్రాక్ మీద సెకన్లలో పోయిన వేగమా, చెట్టు మీద కదలకుండా పట్టుకున్న ఐదు రోజులా? కదలకపోవడం కూడా బలమే. దాన్ని కొలిచే గడియారాన్ని ఇంకా ఎవరూ చేయలేదు.

తరగతి గదిలోనూ ఇదే నీతి. మూడో తరగతికే గడగడా చదివే పిల్లవాడి వెనక ఏ గాలి ఉందో, ఐదో తరగతిలో అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లకు ఎదురుగా ఏ గాలి ఉందో టీచరుకు తెలియాలి. రొయ్యల చెరువుల కాపలాకు తల్లిదండ్రులతో పోయి, మూడు నెలల తర్వాత బడికి తిరిగొచ్చిన పిల్ల వెనకబడిన పిల్ల కాదు, ఎదురుగాలిలో తొక్కుతున్న పిల్ల. ఆమెకు జాలి వద్దు. కాసేపు ముందు నిలబడి గాలి కాసే మనిషి కావాలి.

మరి మంచానికి బరువయ్యానన్న తాతకు మన జవాబేమిటి? "నువ్వు ఇంకా కుర్రాడివే తాతా" అంటే అది అబద్ధం, ఆయనకూ తెలుసు. మేము చెప్పదలచింది వేరు. నీ వేగాన్ని ఊరు తిన్నది. ముప్పై ఏళ్ళు టౌను తాజా చేప తిన్నది, ఇల్లు అన్నం తిన్నది, పిల్లలు చదువుకున్నారు. తిన్నవాళ్ళు ఇప్పుడు నీ నెమ్మదిని మోయడం దానం కాదు, బాకీ తీర్చడం. ఆ బాకీ మాటలతో తీరదు. వయసు రుజువు కాగితం లేక పింఛను రాని ముసలివాళ్ళు మన కాలనీల్లో ఎంతమంది ఉన్నారో చదువుకున్న ప్రతి కుర్రాడూ లెక్క తీయాలి. ఆ కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరగడానికి ఈనాటి వేగం పనికొస్తుంది.

ఆ పనితో పాటు, ఆయన సైకిల్ కథ చెప్పేటప్పుడు కూర్చుని వినండి. ఎంతసేపట్లో చేరావని మాత్రమే అడక్కండి. గంప ఎంత బరువుందని, ఆ డబ్బు ఎవరి చేతికి పోయిందని, ఆ పొద్దు గాలి ఎటు వీచిందని కూడా అడగండి. అప్పుడు ఆయన కథ గొప్పలు చెప్పుకోవడంగానో, గోడుగానో మిగలదు. సాక్ష్యమవుతుంది.