వసూలుదారుని పశ్చాత్తాపం: ‘పియెటా’ చిత్రం, సైబరాబాద్ రుణయాప్‌ల ఉదంతం

బాకీ కోసం వదలకుండా వెంటబడే మనిషిని తెలుగువారు నక్షత్రకుడు అంటారు. హరిశ్చంద్రుని కథలో విశ్వామిత్రుడు పంపగా రాజు వెంట కాశీ దాకా నడిచిన శిష్యుడతడు. గౌరన ద్విపద కావ్యం నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం దాకా ఆ పాత్ర తెలుగువారికి సుపరిచితం. రుణం తీర్చడానికి రాజు చంద్రమతిని, లోహితాస్యుని కాలకౌశికునికి అమ్మాడు. చివరకు తాను వీరబాహునికి అమ్ముడుపోయాడు. ఈ కథను సత్యనిష్ఠకు నిదర్శనంగా చదవడం పరిపాటి. అయితే అందులో అంతగా చర్చకు రాని ప్రశ్న ఒకటి ఉంది. నక్షత్రకుడు అప్పిచ్చినవాడు కాడు. వసూలు చేసుకురమ్మని గురువు పంపగా వచ్చినవాడు. ఒక గృహస్థు ఆలుబిడ్డలను అమ్ముకొంటూ ఉంటే పక్కన నిలబడిన ఆ వసూలుదారుని నైతిక బాధ్యత ఎంత? అతనికి పశ్చాత్తాపం కలగవలసి ఉందా? కలిగితే దానిని ఎవరి ముందు నివేదించుకోవాలి?

కొరియా దర్శకుడు కిమ్ కి-డుక్ చిత్రం ‘పియెటా’ (2012) ఈ ప్రశ్ననే మరొక రూపంలో ఎదుర్కొన్నది. ఆ ఏడాది వెనిస్ చలనచిత్రోత్సవంలో స్వర్ణసింహ పురస్కారం పొందిన చిత్రమిది. ‘పియెటా’ అంటే ఇటాలియన్ భాషలో కరుణ. మరణించిన క్రీస్తును ఒడిలో ఉంచుకొన్న మేరీమాత రూపానికీ అదే పేరు. కథాస్థలం సియోల్ నగరంలోని చోంగ్యేచోన్. ఇరుకు సందులు, రేకుల షెడ్లు, లోహపు పనులు చేసే యంత్రాలు, కూల్చివేతకు ఎదురుచూస్తున్న వాడ. అక్కడి చిన్న పనివారు తీసుకొన్న అప్పులకు వడ్డీ అసలును మించిపోతుంది. వసూలుకు వచ్చే గాంగ్-డో వారి చేతులనో కాళ్లనో వారి యంత్రాలతోనే విరిచి, ముందుగా సంతకం చేయించుకొన్న బీమా సొమ్మును జమ చేసుకొంటాడు. అతనికి తల్లి లేదు, పుట్టగానే వదిలివేయబడినవాడు. ఒకనాడు ఒక స్త్రీ వచ్చి తానే తల్లినంటుంది. అతడు నమ్మడు, హింసిస్తాడు, పరీక్షిస్తాడు. ఆ దృశ్యాలు చూడడం కష్టం. క్రమంగా నమ్ముతాడు. ఆమె నిజానికి అతని వేధింపు వల్ల ప్రాణం తీసుకొన్న ఒక బాకీదారుని తల్లి.

ఆమె ప్రతీకారం విచిత్రమైనది. శత్రువును చంపితే అతనికి బాధ తెలియదు. కోల్పోవడానికి అతనికంటూ ఏమీ లేదు. అందుకే ముందు అతనికి తల్లిని ఇచ్చి, తర్వాత అతని కళ్లెదుటే ఆ తల్లిని తీసివేస్తుంది. అయితే ఆ పని పూర్తిచేసే ముందు ఆమె అతని మీద కూడా జాలిపడి ఏడుస్తుంది. చిత్రమంతటా ఆమె అల్లుతూ ఉన్న స్వెట్టర్ తన కోసమేననుకొన్న గాంగ్-డో, చివరకు దానిని ఆమె చనిపోయిన కొడుకు ఒంటిమీద చూస్తాడు. (చిత్రీకరణ సమయంలో ఒక నటిపై చేయిచేసుకొన్నందుకు ఇదే దర్శకునికి న్యాయస్థానం జరిమానా విధించిందన్నది కూడా మరువరానిది. పశ్చాత్తాపాన్ని ఇంత లోతుగా చిత్రించగలగడానికీ దానిని ఆచరించడానికీ మధ్య దూరం ఉంది.)

ఈ చిత్రాన్ని సైబరాబాద్ నేపథ్యంలో చదవడానికి బలమైన కారణం ఉంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు తెలుగు కుటుంబాల ఆశలకు చిరునామా అయ్యాయి. కొడుక్కో కూతురికో హైటెక్ సిటీలో ఉద్యోగమంటే ఊళ్లో ఆ ఇంటి పరువు పెరుగుతుంది. చెల్లెలి పెళ్లి, తండ్రి వైద్యం, పొలం మీది బాకీ ఆ జీతాన్ని నమ్ముకొని ఉంటాయి. 2020లో లాక్‌డౌన్ కారణంగా కొందరి జీతాలు తగ్గి, కొందరివి ఆగిపోయినప్పుడు ఇంటికి ఆ సంగతి చెప్పుకోలేనివారికి ఫోనులో అప్పు దొరికింది. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ చాలు. కొన్ని వేల రూపాయలు, వారమో పదిహేను రోజులో గడువు, ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే కోత. తాకట్టుగా ఏమీ అడగరు. అయితే యాప్‌ను ఫోనులో పెట్టుకొనేటప్పుడు కాంటాక్టుల జాబితా చూడడానికి అనుమతి కోరుతారు. అసలు తాకట్టు అదే.

గడువు దాటగానే ఫోన్లు మొదలవుతాయి. మొదట అప్పు తీసుకొన్నవారికి, ఆపై తల్లిదండ్రులకు, బంధువులకు, ఆఫీసులో పైవారికి. బంధుమిత్రులను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, అప్పు తీసుకొన్నవారి ఫొటో పెట్టి మోసగాడని రాయడం, స్త్రీల ఫొటోలను అసభ్యంగా మార్చి పంపడం జరిగాయి. 2020 డిసెంబరులో ఈ వేధింపుల తర్వాత తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. వారిలో సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు. సైబరాబాద్, హైదరాబాద్ పోలీసులు కేసులు నమోదు చేసి కాల్‌సెంటర్లపై దాడులు జరిపారు. హైదరాబాద్‌లోనే కాక గురుగ్రామ్‌లోనూ సోదాలు జరిగాయి. అరెస్టయినవారిలో చైనా పౌరులూ ఉన్నారు. ఆ కాల్‌సెంటర్లలో వందలాది యువతీయువకులు నెలజీతానికి పనిచేస్తున్నట్లు వెల్లడైంది. డిసెంబరు 23న రిజర్వ్ బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. కిమ్ కి-డుక్ లాత్వియాలో కోవిడ్‌తో మరణించినది కూడా ఆ నెలలోనే. ఇది కేవలం కాకతాళీయం.

గాంగ్-డో తాకట్టు పట్టుకొన్నది శరీరాన్ని. రుణయాప్ తాకట్టు పట్టుకొన్నది బంధుత్వాన్ని. తెలుగులో బంధుత్వానికి రుణానుబంధమనే పేరుంది. భార్య, బిడ్డలు, ఇల్లు ఏ జన్మలోనో మిగిలిన బాకీ వల్ల దగ్గరవుతారన్న భావన ఆ మాటలో ఉంది. ఎప్పటికీ తీరకపోవడమే ఆ రుణానికి అందం. యాప్ ఆ మాటను తిరగవేసింది: వారం రోజుల్లో తీరవలసిన బాకీకి జన్మంతా ఉండే అనుబంధాన్ని హామీగా రాయించుకొన్నది.

ఇక్కడే వసూలుదారుని బాధ్యత స్పష్టమవుతుంది. వ్యవస్థలో చిన్న ఉద్యోగి చేసిన క్రౌర్యాన్ని వివరించడానికి హనా ఆరెంట్ 1963 నాటి గ్రంథంలో ఐక్‌మన్‌ను గురించి చేసిన విశ్లేషణను ఉదాహరించడం అలవాటు. ఇతరుల స్థానంలో నిలబడి ఆలోచించలేకపోవడమే అతని లోపమని ఆమె పరిశీలన. కాల్‌సెంటర్ ఉద్యోగి విషయంలో ఈ వివరణ పనిచేయదు. ఎందుకంటే ఇతరుల స్థానంలో నిలబడి ఆలోచించడమే అతని పని. జాబితాలో పేర్లు ‘అమ్మ’, ‘పెద్దమామయ్య’, ‘అత్తగారు’, ‘మేనేజర్ సార్’ అని ఉంటాయి. కొత్తగా పెళ్లయిన మనిషి అత్తగారికి ఫోన్ చేస్తే ఏమవుతుందో తెలుగింట పుట్టినవారికి ఎవరూ శిక్షణ ఇవ్వనక్కరలేదు. పరువు పోవడమంటే ఏమిటో తెలిసినవాడే పరువు తీయగలడు. ఎక్కడ తగులుతుందో తెలియకుండా అక్కడే కొట్టడం సాధ్యం కాదు. అతని నైపుణ్యమే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

గాంగ్-డోకు ఒక మినహాయింపు ఉంది. తల్లి అంటే ఏమిటో తెలియక ముందు అతడు తల్లుల నుంచి కొడుకులను తీసుకొన్నాడు. తెలిసిన తర్వాత దహించుకుపోయాడు. ‘పశ్చాత్’ అంటే తర్వాత. తర్వాత పుట్టిన తాపం కనుక అది పశ్చాత్తాపం. కాల్‌సెంటర్ యువకునికి ఆ ‘తర్వాత’ లేదు. మధ్యాహ్నం ఇంటి నుంచి ఫోన్ వస్తే తల్లితో మాట్లాడి, వెంటనే మరొకరి తల్లికి ఫోన్ కలిపినవాడు అతడు. తెలిసిన సంగతిని డ్యూటీ గంటల మేరకు పక్కన పెట్టాడు. అతనికి ఎప్పుడైనా బాధ కలిగితే అది కొత్తగా తెలిసినదాని వల్ల కాదు, తెలిసినదాన్ని ఇక పక్కన పెట్టలేకపోవడం వల్ల. దానిని పశ్చాత్తాపమనవచ్చునా అన్నది సందేహమే. భాషలో అంతకంటె సరైన మాట కనిపించదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. ఆ యువకుడు కూడా లాక్‌డౌన్‌లో ఉద్యోగం కోసం తిరిగినవాడే కావచ్చు; అతని ఇంట్లోనూ బాకీ ఉండవచ్చు. ఏం మాట్లాడాలో పైనుంచి వచ్చింది, లాభం పైకి పోయింది. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. ‘పియెటా’లో పుట్టబోయే బిడ్డ కోసం తన చేతులను తానే అప్పగించడానికి సిద్ధపడిన ఒక యువకుడున్నాడు, పేదరికం బాధితుని చేతనే క్రౌర్యానికి ఒప్పించగలదని ఆ సన్నివేశం చెబుతుంది. దోషంలో యజమాని వాటా పెద్దదనడంలో, దండన అతనికే ఎక్కువ కావాలనడంలో వివాదం లేదు. కాని పదిమంది మోసిన దోషం పదో వంతుకు తరగదు. అవసరం దండనను తగ్గించవచ్చు. ఫలానా రోజు ఫలానా తల్లికి ఫోన్ చేసిన గొంతు ఎవరిదన్న ప్రశ్నను అది తుడిచివేయదు.

రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన మార్గదర్శకాలలో రుణయాప్‌లు కాంటాక్టుల, కాల్ వివరాల, ఫొటోల జోలికి పోరాదని నిర్దేశించింది. అవసరమైన నియమమే. అయితే ఆ ఫోన్లు అందుకొన్నవారి స్థితి ఏ నియమంలోనూ ఇమడదు. అర్ధరాత్రి వచ్చిన సందేశం చదివి, వాడితో మాకు సంబంధం లేదని నంబరును అడ్డగించిన బాబాయిలు, నలుగురిలో తల ఎత్తుకోలేక కొడుకునే కోప్పడిన తండ్రులు ఉంటారు. వసూలుదారుడు తలచినది సరిగ్గా అదే: బాకీదారుని మీదికి అతని వారినే ఉసిగొల్పడం. తర్వాత ఆ ఇళ్లలో వినిపించే మాట ఒకటే, మాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని. చెప్పుకోవడానికి వీలున్న ఇల్లుగా తాము ఉన్నామా అన్న ప్రశ్న ఆ మాట అడుగునే ఉంటుంది. ఏ నేరమూ చేయనివారికి కలిగిన ఆ తాపం, నేరం చేసినవారికి కలిగినదో లేదో తెలియని తాపం కంటె నిజమైనది.

‘పియెటా’ చివర గాంగ్-డో తాను వికలాంగుని చేసిన ఒక పనివాని ఇంటికి తెల్లవారకముందే వెళతాడు. కనిపిస్తే ట్రక్కుకు కట్టి ఈడ్చి చంపుతానని ఆ పనివాని భార్య అతనితో ఒకప్పుడు అన్నది. అతడు గొలుసుతో తనను తాను ఆమె ట్రక్కు కిందికి కట్టుకొని పడుకొంటాడు. ఆమె రోజూలాగే పనికి బయలుదేరుతుంది. రోడ్డు మీద నెత్తుటి గీత పొడవుగా సాగుతుంది. బండి నడుపుతున్న ఆమెకు ఆ సంగతి తెలియదు.